గురువారం గిన్నె

9 మే 2013, గురువారం

విచారణ కమిటీ ఉత్తరం వచ్చింది. నా తప్పేమీ లేదట.

రెండు పేజీలు. రెండో పేజీలో నా పేరు, దామోదర్, స్ట్రక్చరల్ ఇంజినీర్. "ఇది బయటి నుంచి చూసే ప్రాథమిక తనిఖీ మాత్రమే. నియమాల ప్రకారమే జరిగింది" అని రాశారు. 2010 సెప్టెంబరులో మొదటి భూకంపం వచ్చిన వారానికి ఆ షాపు తలుపుకి పచ్చ కాగితం అంటించింది నేనే. అంటే లోపలికి వెళ్ళొచ్చు, వాడుకోవచ్చు అని. ఐదు నెలలకి, ఫిబ్రవరి ఇరవై రెండున, రెండో భూకంపానికి ఆ షాపు మీది ఇటుక పిట్టగోడ ఫుట్‌పాత్ మీద కూలింది. కింద ఉన్న మనిషి పోయాడు. ఆ షాపులో క్షవరాలు చేసే కుర్దు ఆయన. పేరు హీవా.

ఇంద్రజ ఉత్తరం రెండుసార్లు చదివి దేవుడి పటాల ముందు పెట్టింది. "హమ్మయ్య, పీడ వదిలిందండీ. రెండేళ్ళ నించీ మనిషి మనిషిలా ఉన్నారా అసలు? ఇవాళ పాయసం చేస్తా" అంది. చేసింది. తిన్నాను. ఏమీ అనిపించలేదు.

10 మే

ఏమీ అనిపించలేదు.

16 మే, గురువారం

ఆడింగ్టన్‌లో సైటు చూసి వస్తుంటే ఆకలేసింది. ఎదురుగా కనిపించిన హోటల్లోకి వెళ్ళాను. కుర్దుల హోటలు. ఎనిమిది బల్లలు, ఎర్ర గళ్ళ గుడ్డలు, కౌంటరు పక్కన పెద్ద టీ కెటిలు. తలుపు తీయగానే మీసాలాయన రెండు చేతులూ చాపుకుంటూ ఎదురొచ్చాడు, నేనేదో తప్పిపోయి దొరికినట్టు. పేరు షేర్కో. నన్ను "కాకా" అన్నాడు. వాళ్ళలో అన్నని అలా పిలుస్తారట.

గొర్రె మాంసం చాలా బాగుంటుంది, తిను అన్నాడు. గురువారం మాంసం తిననని చెప్పాను. బాబా రోజని వీళ్ళకి ఎక్కడ చెప్పేది? మా దేవుడి రోజు అన్నాను. ఆయన వంటింట్లోకి కేకేశాడు. ఒకావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. నల్ల గుడ్డ తలకి.

"మీ దేవుడికి ఒక్క గురువారమేనా పట్టింపు?" అని ఇంగ్లీషులో అడిగింది.

"అవునండీ."

"మంచి దేవుడు. మిగతా ఆరు రోజులు తిననిస్తాడు. కూర్చో."

అరగంట పట్టింది. చిన్న గిన్నెలో ద్రాక్షాకుల్లోనూ, వంకాయల్లోనూ, ఉల్లిపొరల్లోనూ అన్నం కూరి, పుల్లగా ఉడికించి తెచ్చింది. దాని పేరు యాప్రాఖట. మామూలుగా దాన్లో మాంసం వేస్తారు, నా కోసం లేకుండా వేరే గిన్నెలో వండింది. వంకాయ కొరికితే మా అమ్మ చేసే గుత్తొంకాయ గుర్తొచ్చింది, కారం లేదు, అంతే. మొత్తం తిన్నాను. పళ్ళెం ఖాళీ అయ్యేసరికి మళ్ళీ పెట్టింది. అదీ తిన్నాను.

గోడ మీద ఒకాయన ఫోటో ఉంది. చేతిలో కత్తెర. దానికి వీపు పెట్టి కూర్చున్నాను.

17 మే

నిన్న రాసింది అబద్ధం. ఆకలేసి వెళ్ళలేదు. హీవా తమ్ముడూ, భార్యా కలిసి ఆయన పేరుతోనే హోటలు పెట్టారని మార్చిలో పేపర్లో చూశాను. అడ్రసు ఫోన్లో రాసుకున్నాను. ఉత్తరం వచ్చేదాకా ఆగి, వెళ్ళాను. షేర్కో తమ్ముడు. వంట చేసిన నస్రీన్ భార్య.

ఎందుకు వెళ్ళానో తెలీదు. చూసొద్దామని. చూశాను కదా, అయిపోయింది.

23 మే, గురువారం

మళ్ళీ వెళ్ళాను.

నేను కూర్చోకముందే గిన్నె వచ్చింది. "పొద్దున్నించీ పక్కన పెట్టింది కాకా, నన్ను కూడా మూత తియ్యనివ్వలా" అని షేర్కో ఫిర్యాదు చేశాడు. వస్తానని నేను చెప్పలేదు. "గురువారం వాడు గురువారం వస్తాడు, దాన్లో చెప్పేదేముంది?" అంది నస్రీన్.

ఏం పని చేస్తావని అడిగారు. ఆఫీసు పని అన్నాను. "కంప్యూటర్లా?" అన్నాడు షేర్కో. ఇక్కడ మనవాళ్ళంటే అందరికీ కంప్యూటర్లే. తలూపాను. నోటితో అబద్ధం చెప్పలేదు, తల ఊపాను.

24 మే

ప్రాథమిక తనిఖీ అంటే బయటి నుంచే. నియమం అది. పైకి ఎక్కమని ఎక్కడా లేదు.

30 మే, గురువారం

వెళ్ళాను. ఇవాళ తెల్ల చిక్కుళ్ళ కూర, అన్నం. గిన్నె అదే. షేర్కోకి క్రికెట్ అర్థం కాదు. ఇక్కడివాళ్ళు ఐదు రోజులు నిలబడి ఎందుకు ఆడతారో చెప్పమన్నాడు. గంట సేపు చెప్పాను. గంట సేపు నేను మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

ఇంటికొస్తే ఇంద్రజ చొక్కా వాసన చూసింది. "గురువారం గురువారం ఏందండీ ఈ వాసన? ఎక్కడ తింటున్నారు? నేను కట్టిచ్చిన పులిహోర కారులోనే ఉంది."

"కుర్దుల హోటల్లో. మాంసం లేకుండా నా కోసం వేరే వండుతున్నారు."

ఆమె మొహం విప్పారింది. నేను ఏదన్నా ఇష్టంగా తింటున్నానంటే అదే పదివేలు ఆమెకి. "అయ్యో పాపం, వేరే వండుతున్నారా? ఊరికే తినొస్తే ఏం బావుంటుంది, ఇది ఇవ్వండి" అని మొన్న ఒంగోలు నించి వచ్చిన గోంగూర పచ్చడి సీసా చేతిలో పెట్టింది.

వద్దని చెప్పలేకపోయాను.

6 జూన్, గురువారం

నస్రీన్ గోంగూర వేలితో నాకి చూసి కళ్ళు మూసుకుంది. కారానికేమో అనుకున్నా. "ఈ పులుపు హీవాకి నచ్చేది" అంది. తర్వాత ఎదురు కుర్చీలో కూర్చుంది. ఇన్నాళ్ళూ కూర్చోలేదు.

మొదటి భూకంపం తర్వాత క్షవరానికి వచ్చేవాళ్ళు గోడలు చూసి భయపడేవాళ్ళట. హీవా ఆ పచ్చ కాగితాన్ని తలుపు మీద నించి తీసి అద్దానికి అంటించాడట, కుర్చీలో కూర్చున్నవాళ్ళకి కనపడేలా. "భయం లేదు, ఇంజినీరు చూసి వెళ్ళాడు అనేవాడు. కింద గీసిన సంతకం ఎవరిదో మాకు చదవరాలేదు. ఎవరో పాపం, మంచివాడు, అంతా శ్రద్ధగా చూసే ఉంటాడు అనేవాడు."

షేర్కో అటు తిరిగి టీ పోస్తున్నాడు.

ఇంకో ముద్ద పెట్టమని అడిగాను. ఎందుకు అడిగానో తెలీదు. పెట్టింది. తిన్నాను.

7 జూన్

రాసేస్తాను. ఎవరూ చదవరు.

2010 సెప్టెంబరు పదకొండు, శనివారం. వినాయక చవితి. మనవాళ్ళందరూ హాల్లో పూజ పెట్టుకున్నారు, ఐదింటికి. ఆ వారమంతా నేను పొద్దున్నించి చీకటి పడేదాకా బిల్డింగులు చూస్తున్నాను. ఆ షాపు ఇరవై ఏడోది. ఇంద్రజ మూడుసార్లు ఫోన్ చేసింది, పత్రి నేనే తీసుకెళ్ళాలి, కారు వెనక సీట్లో ఉంది. టైము నాలుగున్నర. వీధిలోంచి చూశాను. ముందు వైపు పగులు లేదు. పచ్చ కాగితం అంటించి వెళ్ళిపోయాను.

నియమం ప్రకారం బయటి నుంచి చూస్తే చాలు. నిజమే. కానీ ముందు చూసిన ఇరవై ఆరింటికీ నిచ్చెన వేసుకుని పైకి ఎక్కాను. నియమం అడగకపోయినా ఎక్కాను, పిట్టగోడలు వెనక వైపే పగులుతాయని నాకు తెలుసు కాబట్టి. ఆ రోజు కూడా నిచ్చెన కారు మీదే ఉంది. దింపి, వేసి, ఎక్కి దిగడానికి ఇరవై నిమిషాలు.

ఈ సంగతి విచారణలో ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు.

రాశాను. టీవీలో వాతావరణం చూసి పడుకున్నాను.

13 జూన్, గురువారం

వెళ్ళాను. తిన్నాను. ఆవిడకి చెబుదామనుకున్నాను. బల్లలన్నీ నిండి ఉన్నాయి. వచ్చే వారం.

20 జూన్, గురువారం

మంచు పడుతోంది, ఈ దేశంలో జూన్ అంటే చలికాలం. ఆఫీసుకి సెలవు. ఇంద్రజ తనూ వస్తానంది. వద్దు, రోడ్లు జారుతున్నాయి అన్నాను. "మీరు జారకుండా వెళ్తే నేనూ జారను. ఆవిడకి నా చేత్తో అరిసెలు ఇవ్వాలి" అని చీర కట్టుకుని కూర్చుంది.

కారు దిగి బోర్డు మీద హీవా పేరు చూసింది. ఆగింది. ఉత్తరం రెండుసార్లు చదివిన మనిషి. లోపల గోడ మీద ఫోటో చూసింది. ఇంక నన్ను చూడలేదు. నస్రీన్ ఆమెని కావలించుకుని బుగ్గలకి ముద్దులు పెట్టి, పక్కన కూర్చోబెట్టుకుని తినిపించినంత పని చేసింది. ఇంద్రజ అన్నీ తింది. నవ్వింది కూడా. అరిసెలు ఇచ్చింది.

కారులో కూర్చున్నాక అంది. "మీకు బుద్ధుందా?"

నేను స్టార్ట్ చేశాను.

"ఆవిడ ఎవరో తెలిసి, ఆవిడ చేతి తిండి తింటున్నారా? వారం వారం? వేరే గిన్నెలో వండించుకుని మరీనా?"

"నా తప్పేమీ లేదని రాశారుగా."

"లేకపోతే చెప్పడానికి భయమెందుకు మీకు?"

అప్పుడు నిచ్చెన సంగతి చెప్పాను. మూడేళ్ళలో మొదటిసారి నోటితో చెప్పడం. ఇంటి ముందు కారు ఆపాక, ఆమె దిగకుండా, "ఆ రోజు నేను మూడుసార్లు ఫోన్ చేశా కదండీ" అంది.

"దానికీ దీనికీ సంబంధం లేదు ఇందూ."

"పత్రి పత్రి అని ప్రాణం తీశా." ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఆమె వీపు మీద చెయ్యి వేయాలని తెలుసు. వేశాను. నా చెయ్యి ఎవరిదో అన్నట్టుంది.

లోపలికొచ్చాక కళ్ళు తుడుచుకుని చెప్పింది. "చెప్పండి, లేదా వెళ్ళడం మానండి. రెండూ చెయ్యకుండా తినడం మాత్రం వద్దు. ఆవిడ మంచిది. ఒట్టి పుణ్యానికి మోసపోతోంది మన చేతిలో."

మన చేతిలో అంది. మీ చేతిలో అనలేదు.

21 జూన్

మంచు.

27 జూన్, గురువారం

వెళ్ళలేదు. మానేశాను. ఇదే మంచిది. ఆఫీసు క్యాంటీన్లో శాండ్‌విచ్ తిన్నాను.

రెండున్నరకి షేర్కో ఫోన్ చేశాడు. "కాకా, ఒంట్లో బాగోలేదా? జ్వరమా? నస్రీన్ గిన్నె మీద మూత పెట్టి వాకిట్లోకి చూస్తా కూర్చుంది. ఇంటి అడ్రసు చెప్పు, సూప్ తెస్తా."

పనుందని చెప్పాను. "సరే, వచ్చే వారం రెండు వారాలది తినాలి నువ్వు" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక బాత్రూముకి వెళ్ళి శాండ్‌విచ్ కక్కేశాను. సిగ్గేసింది. చాలా రోజులకి ఏదో ఒకటి అనిపించింది, అది సిగ్గు.

3 జూలై

ఇంద్రజ అడగడం లేదు. అన్నం పెట్టి వెళ్ళిపోతోంది. రేపు చెబుతాను. ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసుకున్నాను. చదివితే విచారణ ఉత్తరంలాగే ఉన్నాయి. చింపేశాను.

4 జూలై, గురువారం

మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాను, జనం లేని టైము. గిన్నె వచ్చింది. ఆకలి లేదన్నాను. ఇన్ని వారాల్లో మొదటిసారి. నస్రీన్ నా నుదురు తాకి చూసి గిన్నె లోపలికి తీసుకెళ్ళింది. షేర్కో టీ పెట్టాడు, రెండు చక్కెర బిళ్ళలు పక్కన. ముట్టలేకపోయాను. ఇంక వీళ్ళది ఒక్క చుక్క కూడా గొంతు దిగదు. అంతకు మించి నా మనసులో ఏమీ లేదు.

షేర్కో గ్లాసు వంక చూశాడు. నా వంక చూశాడు. టీవీ కట్టేశాడు. నస్రీన్‌ని వాళ్ళ భాషలో పిలిచాడు. ఇద్దరూ వచ్చి నా ఎదురుగా, పెద్దల్లాగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"అడుగు కాకా" అన్నాడు.

"ఏమడగాలి?"

"మా ఊళ్ళల్లో ఎవరన్నా ఇంటికొచ్చి, పెట్టిన టీ ముట్టకుండా కూర్చుంటే ఏదో అడగడానికి వచ్చినట్టు. పిల్లనివ్వమనో, పాత పగ వదిలెయ్యమనో. ఇస్తాం అని మేమంటేనే వాళ్ళు తాగుతారు. నువ్వు మా మనిషివి. అడుగు. ఉద్యోగం పోయిందా? ఇంట్లో గొడవా?"

నాకీ సంగతి తెలీదు. తెలిస్తే తాగేసి లేచి వచ్చేసేవాణ్ణేమో. చెప్పకపోతే కదలనిచ్చేలా లేరు, అంత మర్యాదగా కూర్చున్నారు.

చెప్పాను. నేను కంప్యూటర్ల మనిషిని కానని. పచ్చ కాగితం మీద సంతకం నాదని. ఇరవై ఆరు ఎక్కాను, మీది ఎక్కలేదు, పండక్కి ఆలస్యమవుతోందని వెళ్ళిపోయానని. నా గొంతు విచారణలో ఉన్నట్టే ఉంది, చదునుగా. నా గొంతంటే నాకే అసహ్యం వేసింది.

షేర్కో లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. వాళ్ళ భాషలో ఏదో అన్నాడు, నాతో కాదు, ఫోటోతో. తలుపు తీసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

నస్రీన్ కదల్లేదు. "ఎక్కితే కనపడేదా?" అంది.

"కనపడేది." వెంటనే మళ్ళీ, "తెలీదు. వెనక పగులు ఉండే ఉంటుంది. ఎక్కితే తెలిసేది" అన్నాను.

"ఇక్కడికి ఎన్నిసార్లు వచ్చావు?"

"ఇవాళ్టితో ఏడు."

"ఈ షాపు కూడా ఇటుకే. దీని మీదా అలాంటి గోడే ఉంది. ఎక్కావా?"

లేదు. ఎక్కడం సంగతి అలా ఉంచి, తలెత్తి చూడను కూడా లేదు. ఏడు గురువారాలూ తల దించుకునే లోపలికి వచ్చాను, ఆరుసార్లు కడుపు నిండా తిని, తల దించుకుని వెళ్ళాను. ఆ గోడ కిందే ఆవిడ రోజూ పొద్దున ఫుట్‌పాత్ ఊడుస్తుంది.

"క్షమించమని అడగడానికి వచ్చావు" అంది. "నాకిప్పుడు తెలీదు. నిచ్చెన వెనక దొడ్లో ఉంది."

ఎక్కాను. ఆఫీసు బూట్లతోనే. పైకప్పు రేకులు తడిగా ఉన్నాయి. పిట్టగోడ పడకుండా దాన్ని పైకప్పు దూలాలకి పట్టి ఉంచే ఇనప కడ్డీలు వేశారు, వీధిలోంచి చూస్తే వాటి చివరి బిళ్ళలు వరసగా తీరుగా కనిపిస్తాయి. వెనక నించి ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని చూశాను. మొత్తం తొమ్మిది. ఆరు గట్టిగా ఉన్నాయి. తూర్పు చివర మూడు కడ్డీలు దూలం దాకా వచ్చి ఆగిపోయాయి. బోల్టులు లేవు. ఎవరో రేపు బిగిద్దామని వదిలేసి ఉంటారు. మూడో కడ్డీని లాగితే నా చేతిలోకి వచ్చింది. దాని పక్కన ఇటుకల మధ్య నా వేలు పట్టేంత సందు.

వంగి కిందికి చూశాను. నస్రీన్ ఫుట్‌పాత్ మీద, సరిగ్గా ఆ తూర్పు మూల కింద, మొహం పైకెత్తి నిలబడి ఉంది.

"పక్కకి వెళ్ళండి" అని అరిచాను.

"ఏముంది? చెప్పు."

"ముందు పక్కకి వెళ్ళండి!"

కదల్లేదు. "చెప్పు" అంది.

నాలో ఏదో తెగింది. "జరగమ్మా! నీకు దణ్ణం పెడతా, పక్కకి జరుగు తల్లీ!" అని తెలుగులోనే అరిచాను. వీధిలో ఇద్దరు తెల్లవాళ్ళు ఆగి చూశారు. దూరంగా షేర్కో కరెంటు స్తంభం దగ్గర నిలబడి ఉన్నవాడు పరుగెత్తుకొచ్చి ఆమెని రెక్క పట్టుకుని రోడ్డు మీదికి లాగాడు. "మూసెయ్యాలి" అని ఇంగ్లీషులో అరిచాను. "షాపు మూసెయ్యాలి. ఇప్పుడే. ముందు వైపునించి ఎవర్నీ రానివ్వకండి." ఆ మాట నా నోట్లోంచి మూడేళ్ళు ఆలస్యంగా వచ్చింది. అక్కడే రేకుల మీద కూలబడి ఏడ్చాను. అంత పెద్ద శబ్దం నాలోంచి వస్తుందని నాకు తెలీదు.

దిగేసరికి షేర్కో కుర్చీలన్నీ తెచ్చి ఫుట్‌పాత్‌కి అడ్డంగా వరస పెడుతున్నాడు. నా వంక చూడలేదు. నస్రీన్ వెనక తలుపు లోంచి వెళ్ళి స్టవ్వులు ఆపి, బోర్డు తిప్పి వచ్చింది. బిల్డింగు ఓనరుకి, సిటీ ఆఫీసుకి నేనే ఫోన్లు చేశాను.

"ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగింది నస్రీన్.

"మూడు వారాలు. నాలుగవ్వచ్చు."

"వాళ్ళు బిగించిన ప్రతి బోల్టూ నువ్వే ఎక్కి చూడాలి. ఇంకెవరూ కాదు, నువ్వు."

"చూస్తాను."

"తిండి పెట్టను."

"సరే" అన్నాను.